పడుకునే ముందు ఒక కథ: చిన్నపిల్లలకు చదివి వినిపించడం ఎలా

రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కోగానే మా మూడేళ్ల బాబు గోడ వారనున్న అట్టపెట్టె దగ్గరికి పోతాడు. పుస్తకాలన్నీ కింద పోసి, అడుగునున్న ఏడు చేపల పుస్తకం వెతికి పట్టుకుంటాడు. చాలాసార్లు తలకిందులుగానే పట్టుకొని వస్తాడు. ఒళ్లో కూర్చుని, నేను నోరు తెరవకముందే తనే "అనగనగా..." అంటాడు. అక్కడి నుంచి పది నిమిషాలు. ఆ తర్వాత లైటు ఆర్పేస్తాం.

మేముండేది నల్లగొండలో. నా పుట్టిల్లు జడ్చర్ల దగ్గర పల్లె. చిన్నప్పుడు నాకు పుస్తకం చదివి వినిపించినవాళ్లు లేరు గానీ, కథ చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఎండాకాలం వాకిట్లో నులక మంచం మీద కూర్చుని మా అమ్మమ్మ "శాత్రం చెప్త, ఊ కొట్టాలె మరి" అనేది. ఊ కొట్టడం ఆగిందంటే పిల్ల నిద్రపోయిందని లెక్క. మా పాపకు నాలుగేళ్లు నిండేదాకా పుస్తకం చదివి వినిపించాలన్న ఆలోచనే నాకు రాలేదు. బాబుకు మాత్రం ఏడో నెలలోనే మొదలుపెట్టాను. పాపకు ఇప్పుడు ఎనిమిదేళ్లు. ఈ నాలుగేళ్లలో చేసి చూసినవి, తప్పు చేసి దిద్దుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

తెలిసినవాళ్లు నన్ను అడిగేవి మూడే మాటలు. "మావాడు ఒక్కచోట కూర్చోడు, ఎట్లా?" "టైం ఎక్కడిది?" మూడోది మెల్లగా, కొంచెం సిగ్గుపడుతూ అడుగుతారు: "మన మాట పుస్తకంల ఉన్నట్టు ఉండదు కదా, మనం చదివితే పిల్లలకు తప్పులు వస్తయేమో?" ఈ మూడో మాట విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. అందుకే దాని గురించి కింద కాస్త ఎక్కువే రాశాను.

ముందు వేళ కుదుర్చుకోండి

రోజుకు పది నిమిషాలు చాలు. అరగంట చదవాలని పెట్టుకుంటే మూడో రోజుకే మానేస్తాం. ఆ పది నిమిషాలను మీ ఇంట్లో రోజూ తప్పకుండా జరిగే ఏదో ఒక పనికి ముడివేయండి. మా ఇంట్లో అది దోమతెర. దోమతెర దించామంటే కథ మొదలైనట్టే. పిల్లలకు గడియారం తెలియదు, ఈ వరస తెలుస్తుంది. నెల తిరిగేసరికి వాళ్లే గుర్తు చేస్తారు.

పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో ఇంటికి వచ్చేసరికే ఒళ్లు హూనమై ఉంటుంది. అప్పుడు రెండు పేజీలే చదవండి. అదీ చేతకాకపోతే ఒక్క బొమ్మ చూపించి నాలుగు మాటలు మాట్లాడండి. ఒక రోజు తప్పిపోతే పోయింది, మర్నాడు మళ్లీ కూర్చోండి. దుకాణం నడిపేవాళ్లు రాత్రి పదింటికి గానీ ఇల్లు చేరరు. వాళ్లు మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు చదవచ్చు. రాత్రే చదవాలన్న నియమం లేదు.

ఆ కాసేపు ఫోన్ వేరే గదిలో ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించొద్దని ఉంది. పిల్లలు కదలకుండా కూర్చునే వేళల్లో పెద్దవాళ్లు పక్కన కూర్చుని పుస్తకం చదవడం, కథ చెప్పడం మంచిదని కూడా అందులోనే చెప్పారు. టీవీ కూడా ఆపేయాలి. సీరియల్ నడుస్తుంటే పిల్ల కళ్లు పుస్తకం మీదే ఉన్నా చెవులు అటే ఉంటాయి. మా అత్తమ్మ చూసే సీరియల్ అయిపోయాకే మేం దోమతెర దించుతాం. ఆమె సంతోషాన్ని ఎందుకు చెడగొట్టాలి? ఇప్పుడు సీరియల్ అయిపోగానే ఆమె కూడా వచ్చి మంచం అంచున కూర్చుంటుంది.

ఏ వయసు నుంచి మొదలుపెట్టాలని అడిగితే, ఈ రోజు నుంచే అంటాను. అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, పుట్టినప్పటి నుంచే బిడ్డకు చదివి వినిపించమని తల్లిదండ్రులకు చెప్పాలని 2014లో తమ డాక్టర్లకు సూచించింది. నెలల పిల్లకు కథ ఏం అర్థమవుతుందని అనుకోవచ్చు. ఆ బిడ్డకు కావాల్సింది మీ గొంతు, దాని ఎత్తుపల్లాలు. పుట్టిన బిడ్డ కంటికి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవి బాగా ఆనుతాయి. ఒళ్లో పడుకున్న బిడ్డకు మీ ముఖం సరిగ్గా అంత దూరంలోనే ఉంటుంది.

పుస్తకం ఎంచుకోవడం

ఏడాదిలోపు బిడ్డకు మందపాటి అట్ట పేజీలుండి, ముదురు రంగుల పెద్ద బొమ్మలున్నది తీసుకోండి. నోట్లో పెట్టుకుంటుంది, పెట్టుకోనివ్వండి. రెండేళ్ల వరకు పేజీకి ఒక బొమ్మ, ఒక మాట ఉంటే చాలు. ఆవు, బిందె, చెప్పు, బస్సు: ఇంట్లో, గల్లీలో చూసేవే ఉండాలి. మూడు నాలుగేళ్లకు పేజీకి ఒకటి రెండు వాక్యాలు, మళ్లీ మళ్లీ వచ్చే ఒక మాట ఉన్న కథ వెతకండి. ఆ మాట రాగానే పిల్లలు మీతో గొంతు కలుపుతారు. ఐదారేళ్లకు చిన్న చిక్కుముడి ఉన్న కథ కావాలి: ఏదో పోయింది, ఎవరో తప్పిపోయారు, ఎలా దొరికింది అన్నట్టు.

బడిలో చదవడం వచ్చాక మనం చదవడం ఆపేయకండి. ఎక్కువ మంది ఇక్కడే ఆపుతారు. "ఇంక నువ్వే చదువుకో" అంటారు. రెండో తరగతి పిల్ల తనంతట తాను చదవగలిగేది చిన్న కథే. చెవితో విని అర్థం చేసుకోగలిగేది దానికంటే చాలా పెద్దది. మా పాప తన పుస్తకం తను చదువుకుంటుంది, అయినా రాత్రికి నా పక్కన చేరుతుంది. నేనూ పొమ్మనను.

పుస్తకాల కోసం డబ్బు పోయనక్కర లేదు. జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పోయి కొంచెం డిపాజిట్ కట్టి సభ్యులుగా చేరితే పుస్తకాలు ఇంటికి ఇస్తారు. గ్రంథాలయం అంటే ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ల చోటనే అనుకుంటున్నాం ఇప్పుడు. నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయం 1918లోనే పెట్టుకున్నారు, తెలుగు చదువుకు నిజాం రాజ్యంలో చోటు దొరకని రోజుల్లో. నకిరేకల్ దిక్కు పల్లెలో 1915లో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తెలుగు పుస్తకాలు అచ్చు వేయించి, తనే మోసుకుంటూ జనం దగ్గరికి తీసుకుపోయారు. అంత తపించిన వాళ్ల జిల్లా మనది. పిల్లల అర దగ్గరికి మీ బిడ్డ చెయ్యి పట్టుకుని ఒక్కసారి తీసుకెళ్లండి. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, మొదటిసారి పోవడానికి అది మంచి సమయం.

కొనాలనుకుంటే నేషనల్ బుక్ ట్రస్ట్, చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు చూడండి. రెండూ 1957లో మొదలైన సంస్థలు, బొమ్మలు బాగుంటాయి, ధర తక్కువ. హైదరాబాద్‌లో మంచి పుస్తకం అనే సంస్థ పిల్లల కోసమే తెలుగు పుస్తకాలు వేస్తుంది. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు పోతే ఇవన్నీ ఒకేచోట దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో 2015 నుంచి తెలుగు కథలు కూడా ఉచితంగా పెడుతున్నారు. చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడదీసి ఉంటాయి, కాబట్టి మూడేళ్ల పిల్లకు మొదటి మెట్టువి చూడండి. నేను వాటిని ఫోన్‌లో చూపించను. జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ తీయించి, పక్కన సూదీ దారంతో కుట్టేస్తాను. అలా కుట్టిన పుస్తకాలు మా ఇంట్లో పదకొండున్నాయి. నలుపు తెలుపులో తీయిస్తే పిల్లలే రంగులు వేసుకుంటారు.

ముందు మీరొకసారి చదువుకోండి

రెండు నిమిషాల పని. పప్పు ఉడికేలోపు అయిపోతుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఏ మాట మన పిల్లకు కొత్తగా ఉంటుందో తెలిసిపోతుంది. ఈ కథ మా బిడ్డకు పనికిరాదనిపిస్తే అక్కడే పక్కన పెట్టేయచ్చు. మా బాబుకు తల్లి తప్పిపోయే కథలు చదవను, వాడికి రాత్రంతా భయమే.

కూర్చోవడం, మొదలుపెట్టడం

చిన్నపిల్లయితే ఒళ్లో, వీపు మీ ఛాతీకి ఆనేలా. ఇద్దరైతే చెరో పక్కన. పుస్తకం పిల్ల చేతిలో ఉండాలి, పేజీ తనే తిప్పాలి. రెండు పేజీలు ఒకేసారి తిప్పితే తిప్పనివ్వండి. అట్ట చూపించి పేరు చదవండి, రాసినవాళ్ల పేరు, బొమ్మ వేసినవాళ్ల పేరు కూడా చదవండి. మా పాప ఐదేళ్లప్పుడు "బొమ్మలేసినామె ఇంకో పుస్తకం ఉందా?" అని అడిగింది.

చదివేటప్పుడు మాట కింద వేలు జరుపుతూ పోండి. అక్షరాలు నేర్పమని చెప్పడం లేదు. మాట ఎడమ నుంచి కుడికి నడుస్తుందని, నల్లటి గుర్తుల్లోనే కథ దాగి ఉందని ఆ వేలు వల్ల వాళ్లకే పట్టుబడుతుంది.

మీకు మామూలుగా వచ్చే వేగంలో సగం వేగంతో చదవండి. పులి వస్తే బరువుగా, చిట్టెలుక వస్తే సన్నగా. నాకు గొంతులు మార్చడం రాదని వెనక్కి తగ్గకండి. మీ బిడ్డకు మీ గొంతే కావాలి.

పుస్తకం మాట, ఇంటి మాట

ఇక అసలు సంగతి. పుస్తకంలో ఉంటుంది: "కుందేలు గబగబా పరుగెత్తి కొండ వెనక దాక్కుంది." మూడేళ్ల బాబు దీన్ని వింటాడు. వాడికి "పరుగెత్తి" తెలియదు, ఇంట్లో అందరం "ఉరికింది" అంటాం. "కొండ" తెలియదు, కిటికీలోంచి కనిపించేది లతీఫ్ సాహెబ్ గుట్ట. అందుకని నేను ముందు వాక్యాన్ని ఉన్నదున్నట్టు, మెల్లగా చదువుతాను. ఒక్క క్షణం ఆగి, బొమ్మ మీద వేలుపెట్టి మా మాటలో చెప్తాను: "కుందేలు జల్ది జల్ది ఉరికి గుట్ట ఎన్క దాసుకున్నది." అంతే, పేజీ తిప్పేస్తాం.

వరస ముఖ్యం. ముందు పుస్తకం వాక్యం, తర్వాత ఇంటి వాక్యం. మధ్యలో "అంటే ఏమిటంటే" అని పాఠం చెప్పినట్టు వివరించొద్దు. రెండు వాక్యాలూ పక్కపక్కన వినపడితే పిల్ల రెంటినీ కలుపుకుంటుంది. నాలుగో రోజో ఐదో రోజో ఇంటి వాక్యం మానేసి చూడండి. బొమ్మ చూస్తూ తనే చెప్తుంది.

కూరగాయల పేర్లు, పంటల పేర్లు వచ్చినప్పుడు ఇది బాగా పనికొస్తుంది. పుస్తకంలో సొరకాయ అని ఉంటే మన దగ్గర ఆనపకాయ. వేరుశనగ అంటే పల్లీలు. మొక్కజొన్న అంటే మక్కలు. పిల్ల వంటింట్లోకి ఉరికి ఆనపకాయ తెచ్చి బొమ్మ పక్కన పెడితే ఆ రాత్రి కథ అక్కడితో ఆగినా నష్టం లేదు.

ఇదంతా నేను ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో కూడా చెప్పాలి. నాలుగో తరగతిలో పాఠం చదివి, మీ మాటల్లో చెప్పండి అన్నారు. నేను లేచి "నక్క ఉరికింది" అన్నాను. "ఉరికింది కాదు, పరుగెత్తింది అనాలి" అన్నారు. క్లాసంతా నవ్వింది. నా మాటల్లో చెప్పమంటేనే కదా చెప్పింది! ఆ ఏడాదంతా నేను క్లాసులో నోరు విప్పలేదు. తర్వాత కూడా చాలా ఏళ్లు, నోరు తెరిచే ముందు ప్రతి మాటనూ లోపలే ఒకసారి తడుముకునేదాన్ని. ఇప్పుడు కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9న ప్రతి ఏడూ తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. సభలో మన యాసను మెచ్చుకుంటాం. ఇంటికొచ్చి పిల్ల ముందు పుస్తకం తెరవగానే మళ్లీ సిగ్గుపడతాం. ఆ సిగ్గు మీ బిడ్డకు అంటనివ్వకండి.

కాబట్టి పిల్ల కథ తిరిగి చెప్పేటప్పుడు "అట్ల కాదు, పుస్తకంల ఉన్నట్టు చెప్పు" అని దిద్దవద్దు. "ఉరికింది" అంటే "అవును, ఉరికింది! తర్వాత?" అనండి. పుస్తకం మాట వాళ్లకు రాకుండా పోదు. వంద సార్లు వింటున్నారు కదా, ఒకరోజు దానంతటదే నోట్లోంచి వస్తుంది. మా పాప బడిలో "పరుగెత్తింది" అంటుంది, నాయనమ్మతో "ఉరికింది" అంటుంది. ఎక్కడ ఏది అనాలో తనకే తెలుసు.

ఇంట్లో తెలుగు కాకుండా వేరే భాష మాట్లాడేవాళ్లకూ ఇదే పద్ధతి. దేవరకొండ దిక్కు తండాల్లో గోర్ బోలీ మాట్లాడతారు, మహబూబ్‌నగర్ పట్టణంలో ఎన్నో ఇళ్లలో ఉర్దూ, నారాయణపేట, మక్తల్ దిక్కు కన్నడం. తెలుగు వాక్యం చదివి, పక్కనే మీ ఇంటి భాషలో చెప్పండి.

ప్రశ్నలు: తక్కువ అడగండి

నేను పాపతో చేసిన పెద్ద తప్పు ఇది. ప్రతి పేజీకి "ఇదేంటి? ఇది ఏ రంగు? ఇవెన్ని?" అని అడిగేదాన్ని. పదో రోజు అది పుస్తకం మూసి నా చేతిలో పెట్టి, "నువ్వు అడుగుతవ్, నేను ఆడుకుంట" అని లేచిపోయింది. పరీక్ష పెడితే ఎవరికి మాత్రం నచ్చుతుంది?

పూర్తిగా మానేయమని కాదు. 1988లో అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు, రెండు రెండున్నరేళ్ల పిల్లల తల్లిదండ్రులకు చదివే తీరు మార్చుకోవడం నేర్పి చూశారు. పిల్లతో ఎక్కువ మాట్లాడించడం, అవును కాదు అని తేలిపోయే ప్రశ్నలు తగ్గించడం, పిల్ల చెప్పినదానికి ఇంకొంచెం కలిపి తిరిగి చెప్పడం. నెల రోజుల్లోనే ఆ పిల్లలు మాట్లాడటంలో మిగతా పిల్లల కంటే నెలల తేడాతో ముందుకు పోయారు.

ఇంట్లో ఇది ఇలా ఉంటుంది. బాబు బొమ్మ చూపించి "కుక్క" అంటాడు. నేను "అవును, నల్ల కుక్క, తడిసిపోయింది పాపం" అంటాను. వాడు "తడిసింది. వాన" అంటాడు. "వాన ఎక్కువ పడ్డట్టుంది. ఇప్పుడు యాడికి పోతదో?" అంటాను. ఇక్కడ ఆగాలి. మనసులో ఐదు లెక్కపెట్టుకుని ఆగాలి. మూడేళ్ల పిల్లకు మాట కూడబెట్టుకోవడానికి అంత సమయం కావాలి. మనకు తొందరెక్కువై రెండో అంకెకే జవాబు మనమే చెప్పేస్తాం. కథకు ఇలాంటివి రెండు మూడు చాలు.

మన చుట్టూ ఉన్నదానితో కలిపే మాట ఒకటి పడితే ఇంకా మంచిది. పుస్తకంలో మర్రిచెట్టు వస్తే పాపకు పిల్లలమర్రి గుర్తుచేశాను. అమ్మమ్మ ఊరికి పోయినప్పుడు మహబూబ్‌నగర్‌లో చూసింది కదా, మూడెకరాలకు పైగా పరుచుకున్న ఏడు వందల ఏళ్ల నాటి చెట్టని చెప్తారు. 2018లో దానికి చెదలు పడితే సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందెక్కించారని చెప్పాను. "చెట్టుకు గూడ జ్వరమొస్తదా?" అని అడిగింది. ఆ రాత్రి పుస్తకం మూతబడింది, చెట్టు ముచ్చటే నడిచింది.

మళ్లీ అదే కథ అంటే

మళ్లీ అదే చదవండి. మనకు విసుగొస్తుంది, వాళ్లకు రాదు. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసి, అది తెలిసినట్టే జరగడంలో వాళ్లకు ఆనందం. పదిహేనో సారి చదివేటప్పుడు వాక్యం చివరి మాట వదిలేయండి, పిల్ల పూరిస్తుంది. ఇరవయ్యో సారికి ఒక మాట కావాలని మార్చి చదవండి, మీద పడి దిద్దుతుంది.

చదువు రానివాళ్లు ఏం చేయాలి

మా అత్తమ్మకు అక్షరం రాదు. ఆమె కథ చెప్తే మాత్రం నాకంటే బాగుంటుంది. ఒకరోజు నాకు గొంతు పట్టేస్తే బాబు చేపల పుస్తకం తీసుకుని ఆమె దగ్గరికి పోయాడు. ఆమె బొమ్మలు చూస్తూ తనకు తెలిసిన కథ చెప్పింది. పుస్తకంలో ఆవును మేపనిది పాలేరు. ఆమె కథలో జీతగాడు. "జీతగాడా జీతగాడా, ఆవును ఎందుకు మేపలే?" "అవ్వ నాకు బువ్వ పెట్టలే." "అవ్వా అవ్వా, బువ్వ ఎందుకు పెట్టలే?" "పిల్లోడు ఏడ్చిండు." చివరికి చీమ దగ్గరికి వచ్చేసరికి "నా బంగారు పుట్టల ఏలువెడితే కుట్టనా!" అని బాబు పొట్ట మీద గిల్లింది. ఇప్పుడు ఆ పేజీ వస్తే వాడు ముందే పొట్ట పట్టుకుంటాడు.

కాబట్టి చదవడం రాకపోయినా పుస్తకం పట్టుకోండి. బొమ్మ చూసి మీకు తోచిన కథ చెప్పండి, పేజీ మాత్రం తిప్పుతూ ఉండండి. పుస్తకం లేకపోయినా తెలిసిన శాత్రం చెప్పండి. పిల్ల ఊ కొట్టాలి. పొడుపుకథలు విప్పించండి. ఇంట్లో బడికి పోయే పెద్దపిల్ల ఉంటే తమ్ముడికి చదవమనండి. తడబడుతూ చదివినా తమ్ముడు నవ్వడు, కాబట్టి దానికి చదవడం అలవాటవుతుంది. అంగన్‌వాడీలో చెప్పిన కథను ఇంటికొచ్చి చెప్పించుకోవడం కూడా మంచి పద్ధతి.

నాన్న దూరంలో ఉంటే

పాలమూరు ఇళ్లలో ఇది మామూలు సంగతి. నాన్న ముంబైలోనో, పుణెలోనో, హైదరాబాద్‌లోనో పనిలో ఉంటాడు. మా పుట్టింటి పక్కింటి అన్నకు వాళ్లావిడ పుస్తకం పేజీల ఫొటోలు వాట్సాప్‌లో పంపిస్తుంది. ఆయన పని దిగి, గదికొచ్చి, చదివి వాయిస్ మెసేజ్ పెడతాడు. పేజీ అయిపోగానే "తిప్పు బిడ్డా" అంటాడు. ఇక్కడ పిల్ల పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆ మాట కోసం చెవులు రిక్కించి ఉంటుంది. వీడియో కాల్ కంటే ఇదే నయం, సిగ్నల్ తెగే బాధ లేదు, ఒకే కథను ఎన్నిసార్లయినా వినచ్చు. ఆ ఫోన్‌ను బోర్లా పెట్టండి, తెర కనిపించకూడదు.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు

ఒక బడిలో మాకు "ఇంట్లో తెలుగు కథలు తగ్గించండి, ఇంగ్లీషువే చదవండి" అని చెప్పారు. టెన్షన్‌తో మూడు నెలలు అలాగే చేశాను. పాప వింటుంది గానీ ఒక్క ప్రశ్న అడగదు, నవ్వాల్సిన చోట నవ్వదు. మళ్లీ తెలుగుకు వచ్చాం. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనంత వరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చదువు ఉండాలని చెప్తోంది. ఇంగ్లీషు పుస్తకం వారానికి ఒకటి రెండు రోజులు చదువుతాం, పైన చెప్పిన పద్ధతే: వాక్యం చదవడం, ఇంటి మాటలో చెప్పడం. పాప ఇంగ్లీషు వెనకబడలేదు.

పుస్తకం చిరిగితే

చిరుగుతుంది. చిరిగిందని కొట్టకండి, అరలో ఎత్తున పెట్టి దాచకండి. అందని పుస్తకం పిల్లకు లేనట్టే. సెల్లో టేప్ ఏడాదికి పచ్చబడి ఊడిపోతుంది. దానికంటే మైదాపిండిలో నీళ్లు పోసి సన్నమంట మీద కలుపుతూ, పోస్టర్లు అంటించే లై లాగా ఉడికించండి. చల్లారాక చిరుగుకు పల్చగా రాసి, పల్చటి కాగితం ముక్క అంటించి, పైనా కిందా ప్లాస్టిక్ కవరు పెట్టి, బియ్యం సంచి కింద ఉంచండి. ఈ పనంతా పిల్లను పక్కన కూర్చోబెట్టుకునే చేయండి, లై రాయడం తనకే ఇవ్వండి. ఆరడానికి ఒక రాత్రి పడుతుంది.

పోయిన నెల మా చేపల పుస్తకం నడుమ చిరిగింది. సాయంత్రం అంటించి పెట్టాం. ఆ రాత్రి పుస్తకం లేకుండానే నాయనమ్మ కథ చెప్పింది. పొద్దున లేవగానే బాబు బియ్యం సంచి కింద నుంచి పుస్తకం లాగించుకుని పేజీ తడిమి చూశాడు. లై ఇంకా తడిగానే ఉంది. దాని ముందు గొంతుక్కూర్చుని అడిగాడు: "పుస్తకమా పుస్తకమా, ఎందుకు ఎండలే?"